దబ్బనం వారి వంటగది

బ్యాండును కుటుంబంగా నమోదు చేయించిన మూడో రోజు పొద్దున వంటగది ఒక బారెడు పెరుగుతుంది.

స్వరూప టేపు తెచ్చి కొలుస్తుంది. నిన్న గుమ్మం నుంచి పొయ్యి గట్టు దాకా ఎనిమిది అడుగులు. ఇవాళ పద్నాలుగుకు రెండంగుళాలు తక్కువ. స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆమె కటింగ్ మాస్టరు, కొలతలో చెయ్యి తప్పదు. గోడ పగల్లేదు, సున్నం రాలలేదు. కొత్తగా వచ్చిన నేల మీద పాత గచ్చే ఉంది, గచ్చు మీద ఎప్పటివో నూనె మరకలు కూడా ఉన్నాయి. ఆమె టేపు మెడలో వేసుకుని, మూడు గ్లాసుల్లో చాయ్ పోసుకుని హాల్లోకి నడుస్తుంది. ఆరడుగులు ఎక్కువ నడిచినందుకు చాయ్ మీద మీగడ కడుతుంది.

"ఏంది, చాయ్ సల్లగున్నది?" అంటాడు ప్రభుదాస్.

"వంటిల్లు పెరిగింది."

"మంచిదే గదా. కిరాయి గంతేనా?"

"గంతే."

"మరింకేంది," అని అతను గిటారు తీగ బిగిస్తాడు.

వాళ్ల బ్యాండు పేరు దబ్బనం. ఏడేళ్లుగా ఉంది. ప్రభుదాస్ మౌలాలి రైల్వే క్వార్టర్స్ మనిషి. చర్చి లోపల నేర్చుకున్న గిటారును చర్చి బయట నిలబడి తిట్టినట్టు వాయిస్తాడు, మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. జహంగీర్ లేత్ షాపులో పని చేస్తాడు. మిషను ఇనుమును కోసే చప్పుడు ఫోనులో పట్టి, దాన్ని ముక్కలు చేసి దరువులు కడతాడు. వాటి మీద స్వరూప మాటలు విసురుతుంది. రాగం తీయదు. బియ్యంలో రాళ్లు ఏరి పారేసినట్టు ఒక్కొక్క మాటా తీసి కొడుతుంది. తెలిసినవాళ్లు దాన్ని సగం పంక్, సగం హిప్ హాప్ అంటారు. తెలియనివాళ్లు రచ్చ అంటారు.

వాళ్లకు రెండు నియమాలున్నాయి. ఏ కంపెనీ కాగితం మీదా సంతకం పెట్టకూడదన్నది మొదటిది. పెట్టనప్పుడు చదవడం దేనికని, ఏ కాగితం వచ్చినా చదవకపోవడం వాళ్లకు అలవాటైంది. అలవాటు కాస్తా గర్వమైంది. రెండో నియమం స్వరూప పెట్టింది. ప్రభుదాస్ మొద్దునిద్ర పోయి రెండు ప్రోగ్రాములు ఎగ్గొట్టిన రోజుల్లో పెట్టింది. పాటలో తన వంతును మూడుసార్లు పాడకుండా వదిలేస్తే, మూడోసారి దాన్ని ఎవరు అందుకుంటే వాళ్లదే అవుతుంది. పాటకు కూడా ఆత్మాభిమానం ఉంటుందని అప్పుడామె అంది.

వాళ్లను నిలబెట్టిన పాట పేరు 'ఖాళీ లేదు'. టులెట్ బోర్డు చూసి తలుపు కొట్టిన మనిషికీ, తలుపు తీసి ఆ మనిషిని ఎగాదిగా చూసిన ఓనరుకీ మధ్య జరిగే పాట అది. దాని చివరి పదహారు పాదాలూ స్వరూపవి. వాటిని ఆమె కాగితం మీద పెట్టలేదు. ఇరవై రెండు ఇళ్ల గుమ్మాల ముందు నిలబడి, తిరిగి వస్తూ, ఒక్కో గుమ్మానికి కొంచెం చొప్పున కట్టుకుంది.

బోర్డు మీద ఖాళీ అన్నవ్, నన్ను జూసి లేదన్నవ్,
పేరడిగినవ్, ఊరడిగినవ్, కూరేందని అడిగినవ్...

అలాంటి పాట కట్టిన మనుషులు ఇల్లు దొరకడం కోసం ఓనరు ఇచ్చిన ఫారం చదవకుండా సంతకాలు పెట్టారంటే ఎవరూ నమ్మరు. కానీ పెట్టారు. సాధన చేసుకోవడానికి ఏడేళ్లుగా చోటు లేదు. రైలు బ్రిడ్జి కింద వాయిస్తే పోలీసులు వచ్చారు, ఫంక్షన్ హాలు వెనక వాయిస్తే పెళ్లివారు వచ్చారు. ఈ ఇంటి ఓనరమ్మ ఒక్క మాటే అడిగింది. "ఫ్యామిలీయేనా? నేను ఫ్యామిలీలకే ఇస్త." ప్రభుదాస్ నవ్వు ఆపుకుని అవునన్నాడు. ఇంటిపేరు దగ్గర దబ్బనం అని రాశాడు. యజమాని అన్న చోట తన పేరు, తమ్ముడు అన్న చోట జహంగీర్ పేరు రాశాడు. మిగిలిన ఒక గడిలో స్వరూప పేరు రాశాడు. ఆ గడి పక్కన ముందే అచ్చు వేసి ఉంది: గృహిణి.

"కాగితమే గదా," అన్నాడప్పుడు. ముగ్గురూ నవ్వుకున్నారు. అందరికంటే గట్టిగా స్వరూపే నవ్వింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

వంటగది రోజూ పెరుగుతుంది. జహంగీర్ నీళ్లకు వెళ్తే పెరగదు, నాలుగు అంగల్లో బిందె దగ్గరికి వెళ్లి వచ్చేస్తాడు. స్వరూప ప్రభుదాస్ చేతికి టేపిచ్చి కొలవమంటుంది. అతనికి ఎనిమిదడుగులే వస్తుంది. అదే టేపుతో అదే నేల మీద ఆమె కొలిస్తే నూట పది.

"నీ కొలతల్నే ఏదో ఉన్నది," అంటాడతను.

"పదహారేండ్ల సంది పిల్లల నడుములు కొలుస్తున్న. ఒక్క నిక్కరన్న వాపసు వచ్చిందా?"

"అట్ల గాదు స్వరూపా. జర సర్దుకపో అంటున్న."

ఆమె సర్దుకుపోదు. వంటగదిలోకి వెళ్లడమే మానేస్తుంది. రెండో రోజు బాత్రూమ్ పైపులోంచి ఓనరమ్మ గొంతు వస్తుంది. ఓనరమ్మ పై అంతస్తులో ఉంటుంది. పైకి మెట్లు లేవు. ఆమె చెప్పేదంతా పైపులోంచే చెబుతుంది.

"ఆ ఇంట్ల పొయ్యి వెలుగుతలేదు. పొయ్యి వెలగకపోతే అది ఫ్యామిలీ గాదు. ఫ్యామిలీ గాకపోతే ఖాళీ చెయ్యండ్రి."

ప్రభుదాస్ గబగబా వెళ్లి అగ్గిపుల్ల గీస్తాడు. వెలగదు. పెట్టెడు పుల్లలు గీస్తాడు, ఒక్కటీ వెలగదు. జహంగీర్ గీసినా అంతే. ఫారంలో వాళ్ల పేర్ల పక్కన గృహిణి అన్న మాట లేదు మరి. ఇద్దరూ గుమ్మంలో నిలబడి స్వరూప వైపు చూస్తారు. ఏడేళ్ల తర్వాత దొరికిన గది అది. గోడకు ఆనించిన స్పీకర్లు ఉన్నాయి. ఆమె వెళ్లి ఒక్క పుల్ల గీస్తుంది. పొయ్యి వెంటనే, పిలవని పేరంటానికి వచ్చినట్టు వెలుగుతుంది. వంటగది మరో ఫర్లాంగు సాగుతుంది.

మొదటి ఆల్బమ్ ఆ నెలలోనే, ఆ హాల్లోనే రికార్డు చేస్తారు. 'ఖాళీ లేదు' వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది.

"అక్కా, నీ వంతుకు మస్తు టైమున్నది," అంటాడు జహంగీర్. "జర అన్నం పడెయ్యరాదు. ఆకలికి చెయ్యి ఆడ్తలేదు."

ఆమె కుక్కరు పెట్టి, వెనక్కి తిరిగి నడుస్తుంది. గిటారు వినిపిస్తూనే ఉంటుంది. ప్రభుదాస్ వంతు అయిపోతుంది. జహంగీర్ వంతు అయిపోతుంది. హాలు గుమ్మం దూరంగా అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. ఆమె పరుగెత్తుతుంది. గుమ్మం చేరేసరికి వాళ్లు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెడుతూ ఉంటారు.

ఆల్బమ్‌లో ఆమె పదహారు పాదాల చోట కుక్కరు విజిళ్లు మూడు పడ్డాయి. జనానికి అవి తెగ నచ్చుతాయి. కాలేజీ పిల్లలు బస్సుల్లో ఆ విజిళ్లను నోటితో వేస్తారు. ఒక పత్రికాయన రాస్తాడు, మూడో విజిల్‌లో ఒక తరం స్త్రీల మౌన వేదన పలికిందని. స్వరూప ఆ ముక్కను రెండుసార్లు చదివి, పత్రికను మడిచి డబ్బా అడుగున పరిచి, దాని మీద పప్పు పోస్తుంది.

"ఒకటి," అంటాడు జహంగీర్, ఆమె కళ్లలోకి చూడకుండా.

వార్డు ఆఫీసు వంటగది ఆ చివర, గ్యాస్ సిలిండరు పక్కనే ఉందని తెలిసి ఆమె ఒక ఉదయం బయల్దేరి మధ్యాహ్నానికి చేరుతుంది. ఒక చెక్క బల్ల, దాని వెనక సన్నగా ఒకావిడ. చేతిలో దబ్బనం వారి ఫారం సిద్ధంగా ఉంది.

"ఇందుల నా పేరు పక్కకు రాసింది తీసెయ్యాలె మేడమ్."

"ఏమని మార్చాలి?"

"పాట కట్టేటామె అని రాయండ్రి. మాటలు రాసేదాన్ని, చెప్పేదాన్ని."

ఆవిడ ఫారాన్ని వెలుతురులో పట్టి చూస్తుంది. "ఆ గడిలో అచ్చు ఉందమ్మా. అచ్చు మీద రాయకూడదు. పాట కట్టేవాళ్లు వంట చెయ్యరా?"

"చేస్తరు."

"చేస్తారు కదా. అయితే సరిపోయింది."

"మరి యజమాని గడిల అచ్చెందుకు లేదు?"

"ఆయన ఏమైనా కావచ్చు కదమ్మా. అందుకని ఖాళీ వదిలాం."

స్వరూప ఆ మాటను నోట్లో వేసుకుని ఇంటిదాకా నములుతూ వస్తుంది. అది మెత్తబడదు.

టీవీ వాళ్లు వచ్చేనాటికి ప్రభుదాస్ కూర్చునే స్టూలుకు చేతులు మొలిచాయి, వీపు మొలిచింది. అది కుర్చీ అయింది. అతను అందులో పేపరు చదువుతాడు. పేపరు లోపలి నుంచి "నీళ్లు" అంటాడు, ఎవరి పేరూ పిలవకుండా. యాంకరు పిల్ల చక్కగా తయారై వచ్చింది. దబ్బనం ప్రయాణం గురించి ప్రభుదాస్‌ను అరగంట అడుగుతుంది, దరువుల గురించి జహంగీర్‌ను పావుగంట అడుగుతుంది. తర్వాత స్వరూప వైపు తిరుగుతుంది.

"ఇంటినీ బ్యాండునీ ఎలా బ్యాలెన్స్ చేస్తారు మేడమ్?"

"ఇల్లు నాది గాదు. బ్యాండు నాది," అంటుంది స్వరూప.

ఆ జవాబు కోసం చాచిన మైకు దారిలోనే వంగిపోతుంది, తోటకూర కాడలాగా. యాంకరు పిల్ల దాన్ని సరిచేసుకుంటూ నవ్వుతుంది. "ఇప్పుడు మన కోసం 'ఖాళీ లేదు' లైవ్! దానికి ముందు... మేడమ్, కొంచెం టీ దొరుకుతుందా? పొద్దుటి నుంచి ఏమీ తాగలేదు."

ఆ పిల్ల పెదాలు నిజంగానే ఎండి ఉన్నాయి. స్వరూప లేస్తుంది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియనప్పుడు ఆడవాళ్లు లేచి పని చేస్తారు. అదే అసలు తప్పని ఆమెకు నడుస్తుండగా తెలుస్తుంది.

వంటగది ఇప్పుడు మౌలాలి నుంచి తార్నాక దాకా ఉంటుంది. మధ్యలో ఒక బస్టాపు వెలిసింది. అక్కడ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో గరిటె, ఒకామె చేతిలో మసిగుడ్డ, ఒకామె ముందు పొంగబోతున్న పాలగిన్నె. అందరికంటే పెద్దామె బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఏ బ్యాండు బిడ్డా?" అని అడుగుతుంది.

"దబ్బనం అమ్మా. మీది?"

"మాది బుర్రకథ దళం. నేను గుమ్మెట కొట్టేదాన్ని. తులశమ్మ అంటరు. దళంల నలుగురికి చాయ్ పెట్టొస్తనని ఇట్ల వచ్చిన."

"ఎప్పుడొచ్చిన్రు?"

"పెద్ద తుపాను వచ్చిన యాడాది."

పక్కనున్నామె పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో లేడీ వాయిస్. పల్లవి అయ్యాక చరణం లోపు పోపు వేసి వద్దామని వచ్చింది. ఆ పక్కన మసిగుడ్డ పట్టుకున్నామె భజన మండలిలో హార్మోనియం. ఎవరి దళమూ వాళ్లను వెతుక్కుంటూ రాలేదు. దళాలకు చాయ్ మాత్రం అందుతూనే ఉందట.

"బస్సు వస్తదా అమ్మా?"

"వస్తది. కూరగాయలు దింపి పోతది. మనుషుల నెక్కించుకోదు," అంటుంది తులశమ్మ.

స్వరూప టీతో తిరిగి వచ్చేసరికి టీవీ వాళ్లు వెళ్లిపోయారు. టీవీలో పాట వస్తోంది. ఆమె వంతు దగ్గర వాణిజ్య ప్రకటన వేశారు.

"రెండు," అంటాడు జహంగీర్.

"నువ్వు లెక్క జెప్పకు," అంటుంది స్వరూప. "లెక్క నాకొస్తది. లేచి ఒక్క గ్లాసు కడిగినవా? అది జెప్పు."

"అక్కా, నాకు పొయ్యి వెలగదు గదా."

"గ్లాసుకు పొయ్యెందుకురా?"

జహంగీర్ దరువు మిషను మీది దుమ్ము తుడుస్తాడు.

ఆల్బమ్ ఆడిన ఊపుతో బ్యాండుకు పెద్ద మైదానంలో ప్రోగ్రాము కుదురుతుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి, ఎనిమిది వేల మంది ముందు. మొదటి పాటే 'ఖాళీ లేదు'. అంతకుముందు రోజు స్వరూప హాలు మధ్యలో నిలబడి, పేపరును ప్రభుదాస్ చేతిలోంచి తీసేస్తుంది.

"రేపు నేను పాడకపోతే నా వంతు పోతది."

"పోతది. నియమం నువ్వు పెట్టిందే గదా."

"ఎవరికి పోతది?"

అతను పేపరు కోసం చెయ్యి చాపుతాడు. "ఎవరో ఒకరు అందుకోవాలె గదా. పాట మధ్యల బొక్క ఉంచుతమా? పదారు పాదాలు నాకు నోటికొచ్చు."

"ఎట్లొచ్చినయి?"

"నువ్వు పొయ్యికాడ అనుకుంటుంటవు. ఈడికి వినొస్తది."

ఆమె పేపరును నలిపి కింద పారేస్తుంది. "ఆ ఇరవై రెండు గుమ్మాల ముందు నిలబడ్డది నేను ప్రభూ. నీళ్లడిగితే గ్లాసు మీదికెల్లి పోసింది నా దోసిట్ల. నువ్వు ఒక్క గుమ్మం ఎక్కలే. ఏ నోటితోని పాడ్తవు?"

ప్రభుదాస్ చెడ్డవాడు కాదు. ఒకప్పుడు పేరు చెప్పగానే అతని ఇంటివాళ్లకూ తలుపులు మూసుకున్నాయి. ఆ సంగతి అతనికి గుర్తు రాబోతుంది. కానీ కుర్చీ చేతులు అతని మోచేతులను మెత్తగా పట్టుకుంటాయి. "రేపు టైముకు రా. వస్తె నీదే," అంటాడు.

ఆదివారం ఆమె పొయ్యి వెలిగించదు, వంటగది గుమ్మం తొక్కదు. మూడింటికే వీధి తలుపు తీసి బయటికి అడుగు వేస్తుంది. అడుగు వంటగది గచ్చు మీద పడుతుంది. వెనక్కి వచ్చి కిటికీలోంచి దిగుతుంది. అక్కడా గచ్చే. వంటగది ఇంటిని దాటేసి, గల్లీని, మెయిన్ రోడ్డును, పట్నాన్ని లోపలికి తీసుకుంది. ఆమె ఆటో పిలుస్తుంది. డ్రైవరు మీటరు వేసి, పొయ్యి గట్టు పక్క నుంచి పోనిస్తాడు. బస్టాపు దగ్గర ఆపేస్తాడు.

"ఇగ నడవాలె అక్కా. అవతల పప్పు డబ్బాలు అడ్డమున్నయి."

డబ్బాల అవతల, కనుచూపు మేరకు ఆ చివర, మైదానం ఉంది. స్టేజీ గోరంత కనిపిస్తోంది. గిటారు మొదలైంది. ఆ గిటారు ఆమెకు నిద్రలోనైనా తెలుస్తుంది. ప్రభుదాస్ వంతు ఇరవై నాలుగు పాదాలు, జహంగీర్‌ది ఎనిమిది. ఆ తర్వాత పదహారు. ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపి పరుగెత్తబోతుంది.

"ఏడికి బిడ్డా?" అంటుంది తులశమ్మ బెంచీ మీది నుంచి.

ఉన్న సంగతి రెండు ముక్కల్లో చెబుతుంది స్వరూప. తులశమ్మ శ్రద్ధగా వింటుంది.

"నియమంల పాడాలని రాసుకున్నరా? లేక మైకు ముంగట పాడాలని రాసుకున్నరా?"

"పాడాలని."

"మరెందుకు ఉరుకుతవ్?"

స్వరూప ఆగిపోతుంది. ఊపిరి నిలదొక్కుకుంటుంది. అవతల జహంగీర్ ఎనిమిదో పాదం విసిరి వదిలేస్తాడు. ఎనిమిది వేల మంది విజిళ్ల కోసం నోళ్లు సిద్ధం చేసుకుంటారు. ప్రభుదాస్ మైకు దగ్గరికి ఒక అడుగు వేస్తాడు. ఆమె ఉన్నచోటే, రెండు కాళ్లూ వంటగది గచ్చు మీద ఆనించి, మొదలుపెడుతుంది.

బోర్డు మీద ఖాళీ అన్నవ్, నన్ను జూసి లేదన్నవ్,
పేరడిగినవ్, ఊరడిగినవ్, కూరేందని అడిగినవ్,
నా కుండలున్నది నా కూర, నీ కండ్లలున్నది నీ పుండు...

అంత దూరం ఒక్క గొంతు పోదు. ఆర్కెస్ట్రా ఆమె ఆ పాదాన్ని అందుకుని ముందున్నామెకు ఇస్తుంది. ఆమె మసిగుడ్డ భుజాన వేసుకుని, రెండు చేతులతో తీసుకుని, అవతలామెకు అందిస్తుంది. నిండు బిందెను చేతులు మార్చినట్టు, చుక్క ఒలకకుండా, వరుసంతా పాదం వెంట పాదం సాగుతుంది. పప్పు డబ్బాల మీద నిలబడ్డవాళ్లు, బియ్యం బస్తాల మీద నిలబడ్డవాళ్లు, స్వరూప ఎన్నడూ చూడనివాళ్లు అందుకుంటూనే ఉన్నారు. స్టేజీ మీద ప్రభుదాస్ నోరు తెరుస్తాడు. సరిగ్గా అప్పుడే ఆమె మొదటి పాదం అతని చెవి పక్క నుంచి పోయి మైకులో పడుతుంది. అతని నోరు తెరిచినట్టే ఉంటుంది, ఖాళీగా. చేతులు మాత్రం తీగల మీద ఆడుతూనే ఉంటాయి.

తలుపు తీసెదాంక కొడ్త, తీసినంక తలుపే పీక్త.

పదహారో పాదం దిగుతుంది. జహంగీర్ దరువు మీది నుంచి చెయ్యెత్తకుండా రెండో మైకులోకి వంగుతాడు. "పాడింది. వంతు అక్కదే," అంటాడు. ఆ మాట చెప్పడానికి అతనికి ఇన్ని రోజులు పట్టింది.

స్వరూప గొంతు తడి చేసుకుంటుంది. పాట అయిపోయిందనుకుంటుంది. కానీ తులశమ్మ బెంచీ మీది నుంచి లేచి, తుపాను నాటి నుంచి నోట్లో దాచుకున్న పాదం ఒకటి తీసి, పదిహేడోది చేసి వరుసలో వేస్తుంది. దాని వెనక ఆర్కెస్ట్రా ఆమె, ఆగిపోయిన తన చరణాన్ని వేస్తుంది. హార్మోనియం ఆమె ఒకటి వేస్తుంది. పాట అయిపోకుండా గిటారు ఆపకూడదు గనుక ప్రభుదాస్ ఆపడు. అతని వేళ్ల చివర్లు ఎర్రబడతాయి. "నీళ్లు," అంటాడు మైకులో, ఎవరి పేరూ పిలవకుండా. ఎనిమిది వేల మందికీ ఆ మాట వినిపిస్తుంది. చేతులు ఖాళీగా ఉన్న ఆడమనిషి ఎక్కడా లేదు.

పాట నడుస్తోంది గనుక పొద్దు గుంకదు. నాలుగు గంటల ఎండ నాలుగు గంటల దగ్గరే నిలబడి ఉంటుంది. వరుస తరగదు. స్వరూప తల తిప్పి చూస్తే, చివర కొత్తగా వచ్చి ఒకామె నిలబడి ఉంది. మనిషి చాలా పొడవు. నల్లగా, నురుగులు కట్టిన చీర వెనక నాలుగు ఊళ్ల మేర ఈడ్చుకుంటూ వచ్చింది. దూరంగా పట్నంలో వంతెనలన్నీ కింద ఏమీ లేక వట్టి ఇసుక మీద కాళ్లు చాపుకుని ఉన్నాయి. ఆమె మూసీ.

"జరుగుండ్రమ్మా," అంటుంది తులశమ్మ ముందున్నవాళ్లతో. "ఆమెకు జాగియ్యండ్రి. మనకంటే ముందు సంది పట్నం మురికి మోస్తున్నది."

మూసీ కొంగు నడుమున దోపుకుంటుంది. నోట్లోంచి ఒక తెగిన చెప్పును, ఒక టైరును, దండలింకా వాడని ఒక దేవుడి పటాన్ని ఒక్కొక్కటిగా తీసి పక్కన పెడుతుంది. తర్వాత ఎక్కడి దాకా అయిందని స్వరూపను అడిగి తెలుసుకుని, దరువు కోసం ఒక్క క్షణం చూసి, గొంతు సవరించుకుంటుంది.